27 రాత్రులకు 30 రాత్రులకంటే ఎక్కువ బిల్లు: ఫ్రిస్కోలో ఒక అద్దె ఇల్లు

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో 2025 మార్చిలో అమ్మానాన్నల కోసం మేము తీసుకున్న ఫర్నిష్డ్ ఇంటి గురించి, ఆ ఇంటిని బుక్ చేసిన సైట్ గురించి రాస్తున్న సమీక్ష ఇది. ఇంటికి ఐదింట నాలుగు నక్షత్రాలు సంతోషంగా ఇస్తాను. సైట్ బిల్లింగ్‌కు మాత్రం ఒకటిన్నర దాటి ఇవ్వడానికి మనసు ఒప్పుకోవడం లేదు. ఆ ఒకటిన్నర కూడా, నా దగ్గర పట్టుకున్న డబ్బు చట్ట ప్రకారం పట్టుకోవలసిందే అని తరువాత తెలుసుకున్నాను గనుక ఇస్తున్నాను. పేర్లు రాయడం లేదు. ఇలాంటి బుకింగ్ ఎక్కడ చేసినా ఇదే చిక్కు ఎదురుకావచ్చు కాబట్టి పేరుకంటే లెక్క తెలియడమే చదివేవారికి ఉపయోగం.

మా అపార్ట్‌మెంట్‌లో ఉన్నది ఒకే పడకగది. మా ఆవిడ పురిటికి అత్తయ్యగారు, మామయ్యగారు జనవరిలోనే వచ్చి హాల్లో సర్దుకున్నారు. బారసాలకు అమ్మానాన్నలు కూడా వస్తామన్నప్పుడు, పసిపిల్లను లెక్కలోంచి తీసేసినా ఆరుగురం ఒకే బాత్రూమ్‌తో నెట్టుకురావడం కుదరదని తేలిపోయింది. నడిచి పది నిమిషాల్లో చేరగలిగే దూరంలో రెండు పడకగదుల ఇల్లు దొరికింది. మార్చి 3 నుంచి ఏప్రిల్ 17 ఉదయం వరకు 45 రాత్రులకు, ఎక్కువ రోజుల తగ్గింపు పోగా, రాత్రికి 120 డాలర్ల చొప్పున 5,400 డాలర్లు, క్లీనింగ్ ఫీజు 200 డాలర్లు, మొత్తం 5,600 డాలర్లు ఒకేసారి కార్డు మీద కట్టాను. పన్ను అన్న చోట సున్నా ఉంది. ఆ సున్నా చూసి నేను సంతోషించిన మాట నిజం. అది ఎందుకు సున్నా అయిందో ఆ రోజు అడిగి ఉంటే ఈ సమీక్ష సగానికి సగం తగ్గేది.

ముందు ఇంటి సంగతి. యజమానురాలు బియ్యం వండుకునే కుక్కర్, లోతైన మూకుడు, మసాలా డబ్బాకు సరిపడే గాజు సీసాలు పెట్టి ఉంచారు. ఇంతకుముందు కూడా మనవాళ్లెవరో దిగి ఉంటారని అమ్మ మొదటి రోజే తేల్చేసింది. వంటగది పొయ్యి మీద ఎగ్జాస్ట్ ఫ్యాన్ పొగను బయటికి పంపకుండా మళ్లీ గదిలోకే వదిలే రకం కావడంతో, మొదటి రోజు పప్పుకు ఎండుమిర్చి పోపు పెట్టగానే పొగ అలారం మోగింది. ఆ తరువాత పోపు పెట్టినంతసేపూ నాన్నగారు తువ్వాలు పట్టుకుని అలారం కింద విసురుతూ నిలబడేవారు. మంచాలు ఎత్తుగా ఉండటం, మేడ మీది బాత్రూమ్‌లో వేడినీళ్లు రావడానికి రెండు నిమిషాలు పట్టడం తప్ప వేరే లోటు చెప్పలేను. కార్యసిద్ధి హనుమాన్ గుడికి కారులో తొందరగానే వెళ్లగలిగేవాళ్లం. ఆ ఇల్లు నాలుగు నక్షత్రాల ఇల్లే.

మార్చి 26న తెనాలిలో పెదనాన్నగారు మెట్ల మీద జారి పడి తుంటి ఎముక విరిగింది. నాన్నగారు ఇక ఇక్కడ ఉండలేకపోయారు. టికెట్లు మార్చుకుని, ఉగాది సందడిలోనే, మార్చి 30 ఉదయం ఇల్లు ఖాళీ చేసి బయలుదేరారు. అప్పటికి వాళ్లు ఆ ఇంట్లో ఉన్నది 27 రాత్రులు. ఇలాంటి నెలవారీ బుకింగులలో మధ్యలో మానుకుంటే ఆ రోజు నుంచి మరో నెల అద్దె తిరిగి ఇవ్వకపోవడం మామూలే. మా ఒప్పందంలోనూ అదే ఉంది. అయినా యజమానురాలు విషయం విని, మిగిలిన 18 రాత్రుల అద్దె పూర్తిగా వాపసు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆమె మంచితనానికి ఎన్ని నక్షత్రాలిచ్చినా తక్కువే. నేను యాప్‌లో క్యాన్సిల్ నొక్కేటప్పుడు తెర మీద కనిపించిన అంచనా రిఫండ్ 2,160 డాలర్లు, అంటే 18 రాత్రులు, రాత్రికి 120. కింద సన్న అక్షరాలతో పన్నులు మారవచ్చు అని ఒక వాక్యం ఉంది. అది చదివాను కూడా. ఉన్న పన్ను సున్నా అయినప్పుడు మారేదేముంటుందని అనుకున్నాను.

ఐదు రోజుల తరువాత కార్డుకు చేరింది 1,712 డాలర్ల 80 సెంట్లు. తగ్గిన 447 డాలర్ల 20 సెంట్లకు సైట్ పంపిన సవరించిన బిల్లులో రెండు వరుసలున్నాయి, ఒకటి 206.40, రెండవది 240.80. వాటి ఎదుట ఉన్నవి పొడి అక్షరాల సంక్షిప్త పేర్లు మాత్రమే. అవి ఏమిటో, ఏ లెక్కన వచ్చాయో, బుకింగ్ నాడు లేనివి ఇప్పుడెందుకు పుట్టుకొచ్చాయో ఒక్క వాక్యం కూడా లేదు.

ఆ రెండు వరుసలు హోటల్ ఆక్యుపెన్సీ ట్యాక్స్ అనే బస పన్ను. టెక్సాస్ రాష్ట్రం గది అద్దె మీద 6 శాతం, ఫ్రిస్కో నగరం 7 శాతం, కలిపి 13 శాతం వసూలు చేస్తాయి. పేరులో హోటల్ ఉన్నంత మాత్రాన ఇళ్లకు వర్తించదనుకోవడానికి లేదు. రోజుల లెక్కన అద్దెకిచ్చే ఇళ్లు కూడా హోటల్ నిర్వచనంలోకే వస్తాయని 2015లో చేసిన సవరణతో చట్టంలోనే స్పష్టంగా రాశారు. అద్దె మీదే కాదు, తప్పనిసరిగా కట్టవలసిన క్లీనింగ్ ఫీజు మీద కూడా ఈ పన్ను పడుతుంది. తిరిగి ఇచ్చే డిపాజిట్ మీద పడదు. కనుక మా లెక్క 27 రాత్రుల అద్దె 3,240, క్లీనింగ్ 200, కలిపి 3,440 డాలర్లు. దాని మీద 6 శాతం 206.40, 7 శాతం 240.80. అణా పైసలతో సహా లెక్క సరిగ్గానే ఉంది.

మరి మొదట సున్నా ఎలా అయింది? వరుసగా 30 రోజులు, అంతకుమించి ఉండేవారిని ఆ చట్టం హోటల్ అతిథిగా కాక శాశ్వత నివాసిగా చూస్తుంది. నెల రోజులకే శాశ్వతమనడం మనకు నవ్వు తెప్పించవచ్చు గానీ, చట్టంలో వాడిన మాట అదే. గదిని కనీసం 30 వరుస రోజులు వాడుకునే హక్కు ఉండి, ఆ కాలంలో చెల్లింపు ఎక్కడా తెగకపోతే పన్ను లేదు. ఇందులో రెండు దారులున్నాయి. ముప్పై రోజులు, అంతకంటే ఎక్కువ ఉంటానని ముందే రాతపూర్వకంగా చెప్పి, చెప్పినట్టే ఉన్నవారికి మొదటి రోజు నుంచే మినహాయింపు వస్తుంది. అలా చెప్పకుండా దిగి, ఇంకొన్నాళ్లు, ఇంకొన్నాళ్లు అని పొడిగించుకుంటూ పోయినవారు మొదటి 30 రోజులకు పన్ను కట్టవలసిందే, 31వ రోజు నుంచి మాత్రమే వారికి మినహాయింపు. మేము 45 రాత్రులకు బుక్ చేయడమే మా రాతపూర్వక మాట. ఆ మాట 27వ రాత్రికి తప్పాము కాబట్టి, మినహాయింపు మొదటి రోజు నుంచే రద్దయింది. చివరి మూడు రోజులకో, మిగిలిన పద్దెనిమిది రోజులకో కాదు, ఉన్న ప్రతి రాత్రికీ పన్ను వెనక్కి వచ్చి పడింది.

ఈ తిరగబడే స్వభావమే చాలామందికి తట్టదు. బుకింగ్‌లో పన్ను లేదని చూసినవారు, ఇది నెలవారీ అద్దెకు ఉన్న తగ్గింపు అనుకుంటారు. నిజానికి అది షరతు మీద ఇచ్చిన మినహాయింపు, నెరవేరేదాకా అప్పు లాంటిది. యజమానుల వైపు నుంచి చూసినా ఇబ్బందే. రాష్ట్ర పన్నుకు ప్రతి నెలా లెక్కలు మరుసటి నెల 20వ తేదీలోగా దాఖలు చేయాలి. రెండు నెలల మీద పరుచుకున్న బసలో మొదటి నెలకు మినహాయింపు చూపించేసిన తరువాత అతిథి ముందే వెళ్లిపోతే, ఆ పాత లెక్కను మళ్లీ దిద్దుకోవాలి. పన్ను చెల్లించవలసింది అతిథే అయినా, వసూలు చేసి కట్టే బాధ్యత యజమానిది, లేదా యజమాని తరఫున వసూలు చేసే సైట్‌ది. అందుకే ఆ 447 డాలర్లను పట్టుకున్నందుకు నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు.

నా అభ్యంతరం ఎక్కడుందో నాన్నగారు నాకంటే ముందే పట్టుకున్నారు. ఆయన సబ్ ట్రెజరీ ఆఫీసులో ముప్పై ఏళ్లు బిల్లులు పాస్ చేసి రిటైరైన మనిషి. తెనాలి చేరిన వారం తరువాత, ఆసుపత్రి వరండాలోంచి వీడియో కాల్ చేసి, పెదనాన్నగారి ఎక్స్‌రే కవరు వెనక వైపున పెన్నుతో వేసిన లెక్క ఫోను ముందు పట్టుకున్నారు.

“ఏరా, మేము మూడు రోజులు ఆగి బయలుదేరి ఉంటే నీకు ఎంతయ్యేది?”

“ఇంకో మూడు వందల అరవై అయ్యేది నాన్నా.”

“అద్దె అంతే. పన్ను ఉండేదా?”

ఉండేది కాదు. 30 రాత్రులకు అద్దె 3,600, క్లీనింగ్ 200, మొత్తం 3,800 డాలర్లు, పన్ను సున్నా. మేము 27 రాత్రులకు కట్టింది 3,440, పన్ను 447.20, మొత్తం 3,887 డాలర్ల 20 సెంట్లు. అంటే మూడు రాత్రులు తక్కువ ఉన్నందుకు 87 డాలర్ల 20 సెంట్లు ఎక్కువ కట్టాము. ఆ కవరు మీదే ఆయన ఇంకో వరుస కూడా వేశారు. మా ధరకు 26 రాత్రుల దగ్గర ఆపితే 3,751.60 అయ్యేది, అంటే 30 రాత్రులకంటే తక్కువే. 27 దగ్గర గీత దాటుతుంది. 28, 29 రాత్రులకు ఖర్చు ఇంకా పెరుగుతుంది. 30వ రాత్రికి ఒక్కసారిగా 3,800కు పడిపోతుంది. ముందే వెళ్లిపోయేవారు ఈ మెట్టు ఎక్కడుందో చూసుకోవాలి. పన్ను రేటు ఎక్కువున్న ఊళ్లలో ఈ మెట్టు ఇంకా ముందే వస్తుంది. హ్యూస్టన్‌లో రాష్ట్రం, నగరం, కౌంటీ (మన జిల్లా లాంటిది), క్రీడా సంస్థ వాటాలు కలిపి 17 శాతం. డాలస్‌లో 2023 నుంచి 15 శాతం. అదే అద్దె, అదే క్లీనింగ్ ఫీజుతో 17 శాతం వేసి చూస్తే 26 రాత్రులకే 3,884 డాలర్లు దాటుతుంది.

బాధ కలిగించేది ఇంకోటుంది. ఆ మూడు రాత్రులు ఇల్లు ఖాళీగా ఉంచుకోవలసిన పని కూడా లేదు. మా హాల్లో సోఫా కమ్ బెడ్ మీద నడుము నొప్పితో పడుకుంటున్న మామయ్యగారు, ఆయన పక్కన నేల మీద పరుపు వేసుకున్న అత్తయ్యగారు ఏప్రిల్ 2 ఉదయం దాకా ఆ ఇంట్లో హాయిగా నిద్రపోయేవారు. యజమానురాలు 18 రాత్రులకు బదులు 15 రాత్రుల అద్దె వాపసు ఇచ్చేవారు. ఆవిడకు 360 డాలర్లు మిగిలేవి, మాకు 87 డాలర్లు మిగిలేవి, మామయ్యగారి నడుముకు మూడు రోజుల సెలవు దొరికేది. అందరికీ మేలైన దారి ఒకటి ఉండగా, దాన్ని చూపించగలిగింది సైట్ ఒక్కటే, చూపించలేదు.

ఇక్కడే నా ఒకటిన్నర నక్షత్రాలు. క్యాన్సిల్ నొక్కిన క్షణంలో సైట్‌కు అన్నీ తెలుసు. బస 27 రాత్రుల దగ్గర ఆగుతోందని తెలుసు, ఫ్రిస్కోలో పన్ను 13 శాతమని తెలుసు, నా బుకింగ్‌కు 30 రోజుల మినహాయింపు ఇచ్చింది తానేనని తెలుసు. నాలుగు అంకెలు గుణించి, మీ రిఫండ్ 2,160 కాదు, 1,712.80 మాత్రమే అని ఆ తెర మీదే చూపించడానికి ఏ అడ్డంకీ లేదు. బుకింగ్ నాడు సున్నాను లెక్కకట్టగలిగిన యంత్రం, రద్దు నాడు 447ను లెక్కకట్టలేదంటే నమ్మడం కష్టం. తప్పు అంచనా చూపించి, నిర్ణయం తీసుకోనిచ్చి, ఐదు రోజుల తరువాత పొడి అక్షరాలతో అసలు సంగతి చెప్పడం వ్యాపార మర్యాద కాదు.

కస్టమర్ కేర్ చాట్‌లో నేను అడిగింది రిఫండ్ కాదు. ఈ రెండు వరుసలు ఏమిటి, 30వ రాత్రి వరకు బుకింగ్ మార్చుకునే వీలు ఇప్పుడైనా ఉందా అని రెండే ప్రశ్నలు. మొదటి ప్రతినిధి పన్నులు స్థానిక ప్రభుత్వ నిబంధనల ప్రకారం ఉంటాయని చెప్పారు. రెండవ ప్రతినిధి అదే వాక్యాన్ని అతికించారు. మూడవవారు మాత్రం, ముగిసిన బుకింగ్‌ను పొడిగించలేమని, ముందుగా రద్దు చేయకుండా తేదీలు కుదించుకుని ఉంటే 30 రాత్రులు పెట్టుకునే వీలుండేదని నిజాయితీగా చెప్పారు. రద్దు చేయడం వేరు, తేదీలు మార్చడం వేరు అన్న ఈ సంగతి ఆ మూడవ ప్రతినిధి చెప్పేదాకా నాకు ఎక్కడా కనిపించలేదు. సహాయ విభాగంలో వెతికితే 28 రాత్రులు దాటిన బసల రద్దు నిబంధనలు ఒక పేజీలో, పన్నుల వివరాలు ఇంకో పేజీలో ఉన్నాయి. ఈ రెండూ కలిసే చోట ఏం జరుగుతుందో చెప్పే పేజీ లేదు.

ఈ సమీక్ష చదివే మనవాళ్లలో టెక్సాస్ బయట ఉన్నవారూ ఉంటారు కాబట్టి ఒక హెచ్చరిక. ఈ 30 రోజుల గీత దేశమంతా ఒకేలా లేదు. కాలిఫోర్నియా నగరాలలో బస పన్ను మామూలుగా 30 రోజులు, అంతకు తక్కువ బసలకు పడుతుంది. లాస్ ఏంజిలిస్, శాన్‌ఫ్రాన్సిస్కోలలో 2025లో అది 14 శాతం. న్యూజెర్సీలో వరుసగా 90 రోజులుంటేనే మినహాయింపు, కాబట్టి ఎడిసన్‌లో రెండు నెలలకు ఇల్లు తీసుకున్నవారికి మా బిల్లులో కనిపించిన సున్నా అసలు కనిపించదు. న్యూయార్క్ రాష్ట్ర అమ్మకపు పన్నుకు 90 రోజులు, న్యూయార్క్ నగర అమ్మకపు పన్నుకు 180 రోజులు గీత. ఫ్లోరిడాలో ఆరు నెలలకు మించిన రాతపూర్వక లీజు ఉండాలి. ఆర్లాండో ఉన్న ఆరెంజ్ కౌంటీలో రాష్ట్ర పన్ను, సర్‌టాక్స్ అనే కౌంటీ అదనపు పన్ను, టూరిస్ట్ పన్ను కలిపి 12.5 శాతం. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద మామూలుగా ఉండగలిగేది ఆరు నెలలే కాబట్టి, ఫ్లోరిడాలో వాళ్ల కోసం తీసుకునే ఇంటికి పన్ను తప్పించుకునే దారి దాదాపు లేనట్టే. అలాంటిచోట ముందే వెళ్లిపోయినా కొత్త పన్ను పుట్టదు, మొదటి రోజు నుంచే కడుతూ ఉంటారు గనుక. చిక్కంతా టెక్సాస్ లాంటి, గీత దగ్గరగా ఉన్న రాష్ట్రాలలోనే.

నాన్నగారికి ఇదంతా చెబితే ఆయనకు వింతగా అనిపించలేదు. మన దగ్గర కూడా 2024 జూలై నుంచి హాస్టళ్ల జీఎస్టీలో ఇలాంటి షరతే ఉందని గుర్తుచేశారు. మనిషికి నెలకు 20,000 రూపాయలు మించని వసతికి, కనీసం 90 రోజులు తెరిపి లేకుండా ఉంటేనే మినహాయింపు. అమీర్‌పేట హాస్టల్‌లో రెండు నెలలకే కోర్సు మానేసిన కుర్రాడిని ఆ యజమాని ఏ లెక్కలో రాస్తాడో చూడాలని ఆయనకు కుతూహలం. ఫ్రిస్కో నగరానికి చేరిన మా 240 డాలర్ల 80 సెంట్లు ఎక్కడికి పోతాయని కూడా అడిగారు. టెక్సాస్ చట్టం ప్రకారం నగరాలు ఈ డబ్బును పర్యాటకానికి, సమావేశాలకు, హోటల్ రంగానికి ఊతమిచ్చే పనులకే ఖర్చుపెట్టాలి. మనవరాలిని ఎత్తుకోవడానికి వచ్చి, నెల రోజుల్లో గుడి, కిరాణా కొట్టు తప్ప మూడో చోటు చూడని మనుషుల పన్ను పర్యాటక ప్రచారానికి పోతుందన్నప్పుడు అమ్మ పక్కనుంచి పెద్దగా నవ్వింది.

ఇల్లు కావలసినవారు నిరభ్యంతరంగా తీసుకోండి, పోపుకు తువ్వాలు మరచిపోవద్దు. మధ్యలో వెళ్లవలసి వస్తే క్యాన్సిల్ నొక్కకుండా ముందు యజమానురాలితో మాట్లాడి, 30వ రాత్రి లెక్క వేసుకుని, తేదీలు మార్చమని అడగండి. మొత్తం పన్నుతో సహా ఎంతవుతుందో సైట్ చేత చాట్‌లో రాయించుకోండి. నా విషయంలో సైట్ మూడు వారాల తరువాత ఒక మెయిల్ పంపింది. అసౌకర్యానికి చింతిస్తూ 50 డాలర్ల కూపన్ ఇచ్చారు. ఆరు నెలల్లో వాడుకోవాలి. 28 రాత్రులు, అంతకు మించిన బుకింగులకు చెల్లదు.